ఆటపాకలో పెలికాన్లు పెరిగితే కొల్లేరు బాగున్నట్టేనా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర ఊరండి. మా బాబు తొమ్మిదో తరగతి. చుట్టుపక్కల వాతావరణం మారితే మొక్కలు, జంతువుల సంఖ్య ఎలా మారుతుందో రాయమని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు, కొల్లేరు పక్కనే ఉన్నారు కదా దాని మీదే రాయమన్నారు. మా అన్నయ్యకి చేపల చెరువులున్నాయి, ఆయనేమో ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి చూడు ఎన్ని పెలికాన్లో, కొల్లేరు పాడైపోయిందనేది ఒట్టి మాట అంటాడు. మా మావగారేమో ఒకప్పుడు వలేస్తే వాలుగలు పడేవి, ఇప్పుడు ఏముంది, కొల్లేరు ఎప్పుడో పోయింది అంటారు. మొన్న భోజనాల దగ్గర ఇద్దరూ గట్టిగానే అనుకున్నారు. మా వాడు ఎవరి మాట రాయాలి? ఇంకో సంగతి, మా ఇంటి వెనక కాలవ నిండా గుర్రపుడెక్క పట్టేసింది, మందు కొట్టించెయ్యమంటారా?

జవాబు: ఇద్దరి మాటా రాయమనండి, ఎందుకంటే ఇద్దరూ చెప్పేది నిజమే. పెలికాన్లు ఉన్నాయి, వాలుగలు లేవు. గొడవ ఎక్కడొచ్చిందంటే ఒకాయన ఒక పక్షిని చూసి, ఇంకొకాయన ఒక చేపని చూసి, మొత్తం కొల్లేటికి మార్కులు వేసేస్తున్నారు. నాకైతే ఈ ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి పాయింటు దొరకదనిపిస్తోంది, మీ ఇంట్లోనే దొరికింది.

బాబుకి ముందే చెప్పండి, కొల్లేరు బాగుందా పాడైందా అనే ప్రశ్నతో మొదలుపెట్టొద్దని. అలా మొదలుపెడితే చివరికి "మనమంతా పర్యావరణాన్ని కాపాడుకుందాం" అని రాసి ఇచ్చేస్తాడు, టీచరు ఒక టిక్కు పెట్టేస్తారు, అంతే. దాని బదులు ఒక్కో జీవి దగ్గర ఆగి అడగాలి: దీనికి ఇక్కడ ఏది తక్కువ పడుతోంది అని. ఏ జీవికైనా తిండి కావాలి, పిల్లలు పెట్టుకునే చోటు కావాలి, పీల్చుకోడానికి గాలి కావాలి, శత్రువుల నుంచి రోగాల నుంచి కాస్త గ్యాప్ కావాలి. వీటిల్లో ఏది అన్నిటికంటే కొరతగా ఉందో అదే దాని సంఖ్యని పట్టి ఉంచుతుంది, మిగతావి ఎంత పుష్కలంగా ఉన్నా లాభం లేదు. చుట్టూ ఏదైనా మారినప్పుడు ఈ కొరత ఒకళ్లకి తీరుతుంది ఇంకొకళ్లకి కొత్తగా వస్తుంది, అందుకే ఒకే మార్పుకి ఒకటి పెరిగి ఒకటి తగ్గుతుంది.

ఇప్పుడు మీ అన్నయ్యగారి పెలికాన్ సంగతి చూద్దాం. మన దగ్గరుండేది గూడబాతు, ముక్కు మీద మచ్చలుండే రకం. ఇది ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిందేం కాదు, 1946లోనే పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు అనే ఊళ్లో వీటి గూళ్లని పక్షుల పరిశీలకులు కె.కె. నీలకంఠన్ గారు కనిపెట్టి రాశారు. తర్వాత 1970ల్లో కొల్లేట్లో గూళ్లు పెట్టడం మానేసి వెళ్లిపోయాయి, మళ్లీ చాలా ఏళ్లకి ఆటపాకలో చేరాయి. మరి తిరిగొచ్చినప్పుడు వీటికి దొరికిందేంటి? రెండే. ఒకటి తిండి, చుట్టూ మైళ్ల కొద్దీ చేపల చెరువులు, అవి మీ అన్నయ్యగారివీ వాళ్ల ఫ్రెండ్స్‌వీ. రెండోది గూడు కట్టుకునే చోటు. ఇవి వందలకొద్దీ ఒకే చోట గూళ్లు పెడతాయి, వాటి రెట్ట పడీపడీ చెట్లు మాడిపోతాయి, చెట్టు చచ్చాక కూర్చోడానికి చోటుండదు. అంటే తమ కొరతని తామే తెచ్చుకుంటాయి అన్నమాట. ఆటపాకలో అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనప స్టాండ్లు పాతారు కదా, బోటెక్కి వెళ్తే కనపడతాయి, ఆ కొరత అక్కడ తీరిపోయింది. ఇనుముకి రెట్ట పడితే ఏమవుతుంది, తుప్పు పడుతుంది, అంతే.

కాబట్టి ఆటపాకలో పెలికాన్ల లెక్క మనకి చెప్పేది చుట్టుపక్కల చెరువుల్లో చేపలు బాగున్నాయి, స్టాండ్లు బాగున్నాయి అని. కొల్లేటి నీళ్లు ఎలా ఉన్నాయో దాన్నిబట్టి చెప్పలేం. గూడు ఆటపాకలో, మేత ఇంకెక్కడో, ఇవి మేతకి చాలా దూరం ఎగిరి వెళ్లే పక్షులు.

ఇంకోటి కూడా బాబు గమనించాలి. ఒక చోట సంఖ్య పెరిగిందంటే అక్కడే పుట్టి పెరిగాయని కాదు, వేరే చోటు నుంచి వచ్చి చేరి ఉండొచ్చు. నెల్లూరు వైపు నేలపట్టులో నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద ఇవే గూడబాతులు గూళ్లు పెడతాయి, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో కూడా ఉన్నాయి. వానల్లేక ఒక చెరువు ఎండిపోయిన ఏడు అక్కడివి ఇంకో చోటుకి పోతాయి. అప్పుడు ఇక్కడ పెరిగాయని మనం సంబరపడతాం, మొత్తంగా చూస్తే ఏం పెరగలేదు. పుట్టినవి, చచ్చినవి, వచ్చినవి, పోయినవి, ఈ నాలుగూ విడివిడిగా చూడకపోతే సంఖ్య మోసం చేస్తుంది.

పైగా ఒకే చోట గుంపుగా చేరడంలో ఒక రిస్కు ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో 2021 చివర్లో, 2022 మొదట్లో గూడబాతులు వందకి పైగా చచ్చిపోయాయి, చూస్తే వాటి కడుపుల్లో నులిపురుగులు, తిన్న చేపల నుంచి వచ్చినవి. తిండి ఉంది, గూడు ఉంది, అయినా పోయాయి.

ఈ మాట మీద రాబందులు గుర్తొస్తున్నాయి, ప్రాజెక్టులో ఒక పేజీ వాటికి ఇవ్వొచ్చు. మీ మావగారిని అడగండి, పశువు చచ్చిపోతే ఊరి బయట వేసేవాళ్లు, రాబందులు గుంపుగా దిగి శుభ్రం చేసేసేవి. వాటికి తిండి కరువు ఏ రోజూ రాలేదు. 1990ల్లో పశువులకి నొప్పులకి డైక్లోఫెనాక్ వాడటం మొదలయ్యాక, ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడై దేశమంతా కుప్పకూలిపోయాయి, తెల్ల వీపు రాబంది అయితే నూటికి తొంభై తొమ్మిది పైనే పోయింది. 2006లో పశువులకి ఆ మందు వాడకుండా బ్యాన్ చేశారు. బ్యాన్ అయిన మర్నాడే పక్షులు తిరిగి రావు కదండీ, రాబంది ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. చేప లక్షల్లో గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక మంచి వరద ఏడు పడితే చాలు లేచి నిలబడుతుంది, రాబందికి ఆ ఛాన్స్ లేదు. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్టదీ ఇదే కథ, అదీ ఏడాదికి ఒక్క గుడ్డే. దాని కోసమే 1988లో అక్కడ శాంక్చురీ పెట్టారు, గడ్డి భూమిని కాపాడారు, కాపాడితే కృష్ణజింకలు బాగా పెరిగి పక్క పొలాల మీద పడ్డాయి, బట్టమేక పిట్ట మాత్రం కనపడకుండా పోయింది. ఒకే కంచె లోపల ఒకటి అలా, ఒకటి ఇలా.

సరే మళ్లీ కొల్లేటికి వద్దాం, మీ మావగారి వాలుగల దగ్గరికి.

కొల్లేరు అసలు రూపం మీ వాడికి ఒక బొమ్మ గీసి చూపించండి. కృష్ణా డెల్టా, గోదావరి డెల్టా మధ్యలో పల్లం, బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లూ బోలెడు డ్రైన్లూ వచ్చి ఇందులో పడతాయి, బయటికి పోడానికి దారి ఒక్క ఉప్పుటేరే, అది దాదాపు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. వానాకాలం పొంగి వెడల్పయి, ఎండాకాలం ముడుచుకుపోయే సరస్సు ఇది. లోతు తక్కువ, అంచు అంటూ ఒక గీత లేదు, నీళ్లు మెల్లగా పలచబడి బురద, బురద తర్వాత గడ్డి, అలా ఉండేది. ఇక్కడ పెరిగినవన్నీ ఆ రాకపోకలకి అలవాటు పడ్డవే. తొలి వానకి కొత్త నీళ్లు రాగానే చేపలు ఎదురెక్కేవి, గడ్డి మునిగిన పలచటి నీళ్లలో గుడ్లు పెట్టేవి.

1970ల్లో వరదలకి వరి పోతోందని చేపల చెరువులు తవ్వుకోమని ప్రభుత్వమే సొసైటీలు పెట్టించింది, తర్వాత పెద్దపెద్ద వాళ్లు దిగారు, గట్ల మీద గట్లు లేచాయి. 2004 నాటి ఉపగ్రహ ఫొటోల్లో సరస్సులో దాదాపు 40 శాతం చేపల చెరువులే. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, శాంక్చురీ అన్నారు, 2002లో రామ్‌సర్ లిస్టులో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు పేల్చి కొట్టేశారు, ఆ తర్వాత ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు, మీరు అక్కడే ఉన్నారు కదా. ఈ రాజకీయం ప్రాజెక్టులో అక్కర్లేదు. కావాల్సింది ఒక్కటే, గట్టు అనేది నీటికి ఏం చేసింది, నీళ్లలో ఉన్నవాటికి ఏం చేసింది.

మొదటిది, దారి ఆగింది. ఎదురెక్కే చేపకి గట్టు అడ్డొచ్చింది, గుడ్లు పెట్టే పలచటి నీళ్లు పోయాయి. రెండోది, నీళ్లు మెల్లగా పలచబడే ఆ అంచు పోయింది. చేపల చెరువు నిలువు గట్టుతో లోతుగా ఉంటుంది, పెలికాన్ ఈదుతూ చేపని తోడుకుంటుంది కాబట్టి దానికి ఓకే. కానీ చలికాలం వలస వచ్చే బాతుల్లో చాలా వాటికి తల ముంచితే అందేంత లోతే కావాలి, బురదలో పొడుచుకు తినే చిన్న ఉల్లంకి పిట్టలకి అసలు నీళ్లు పాదం మునిగితే చాలు. వాటికి చెరువు గట్టు దగ్గర చోటు లేదు. నత్తగుల్ల కొంగ మాత్రం బతికిపోయింది, వరి చేలల్లో నత్తలున్నంత కాలం దానికి లోటు లేదు. చూశారా, అన్నీ నీటి పక్షులే, అందరికీ ఒకే మార్పు, ఫలితం మాత్రం కాలి పొడవునీ ముక్కునీ బట్టి వేరేవేరేగా వచ్చింది.

మూడోది నీటిలో గాలి, దీన్ని మీ అన్నయ్యగారి చేతే చెప్పించండి, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) గురించి చెరువు రైతు చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పదు. పగలు నీళ్లలో పచ్చనాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రికి అదే నాచు చేపలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అందుకే తెల్లారుజామున డీఓ అన్నిటికంటే తక్కువ. ముసురు పట్టి రెండు రోజులు ఎండ లేకపోతే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, అర్ధరాత్రి ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి కలిపే మిషన్ల) దగ్గరికి పరుగు. నీళ్లు వేడెక్కినా అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. ఇక మేత మిగిలినవి, పొలాల ఎరువు, ఊళ్ల మురుగు, ఇవన్నీ డ్రైన్ల ద్వారా కొల్లేట్లోకి చేరితే నాచూ గుర్రపుడెక్కా ఏపుగా పెరుగుతాయి, అవి చచ్చి కుళ్లేటప్పుడు ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తాయి. చెరువులో అయితే ఏరియేటర్ వేస్తారు, కొల్లేటికి ఎవరు వేస్తారు?

అలాంటి నీళ్లలో ఎవరు మిగులుతారు? పైకొచ్చి మామూలు గాలి పీల్చుకోగలిగినవి. కొర్రమేను, మట్టగిడస, మార్పు అనే చేప, ఇంగిలాయి, గొరక, వీటికి ఆ ఏర్పాటు ఉంది, బురదలో కూడా కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. వాలుగకి లేదు, అది పూర్తిగా నీటిలో ఆక్సిజన్ మీదే బతకాలి, పైగా అది వేటాడే పెద్ద చేప, దానికి చిన్న చేపలు బాగా ఉండాలి. మీ మావగారు ఏ చేపలు పోయాయంటున్నారో పేర్లు రాసుకుని, వాటిల్లో పైకొచ్చి గాలి పీల్చేవి ఎన్ని, పీల్చలేనివి ఎన్ని అని రెండు వరసలు వేయమనండి. ఏ వరసలోవి ముందు మాయమయ్యాయో అడగమనండి. కొర్రమేను కూడా తగ్గిందనే అంటారు చూడండి, దానికి గాలి సమస్య లేకపోయినా గడ్డి మధ్యలో గూడు చేసి ఎర్రటి పిల్లల గుంపుకి తల్లీతండ్రీ కాపలా కాసే చేప అది, ఆ గడ్డి అంచు పోయింది, పైగా దాని రేటు వల్ల పట్టడం ఎక్కువ. అంటే దాని కొరత వేరు.

ఇంకా కొత్త చుట్టాలున్నారు. రూప్‌చంద్ దక్షిణ అమెరికాది, పంగాసియస్ మెకాంగ్ నదిది, తిలాపియా ఆఫ్రికాది. పెద్ద వరదొచ్చి గట్లు పొర్లితే చెరువుల్లోవి సరస్సులోకి పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి ఆ నీళ్లన్నీ కిందకి మీ వైపే వచ్చాయి కదా, ఆ టైంలో ఎవరి చెరువులు పొర్లాయో మీ ఊళ్లోనే చెప్తారు. ఒంటి నిండా గట్టి పెంకుండే దెయ్యం చేప సంగతి కూడా అడగమనండి, వలలు చింపేస్తోందని చాలా చోట్ల జాలర్లు తిట్టుకుంటున్నారు. దాన్ని తినే శత్రువు ఇక్కడ పెద్దగా లేదు, అదే దాని బలం.

గుర్రపుడెక్క బలం కూడా అదే, అదీ దక్షిణ అమెరికా నుంచే వచ్చింది. నీళ్లలో కరిగిన ఎరువంటే దానికి పండగ, ఒక మొక్కకి పిలక వేసి పిలకకి పిలక వేసి కాలవంతా కప్పేస్తుంది, కింద మొక్కలకి ఎండ తగలదు. కానీ జకానా పిట్టలు ఆ ఆకుల మీదే నడుస్తూ పురుగులు ఏరుకుంటాయి, దాని మీదే గుడ్లు కూడా పెడతాయి, కాబట్టి ఇక్కడ కూడా ఒకళ్లకి మోదం ఒకళ్లకి ఖేదం.

మీ కాలవ సంగతి: మందు వద్దండి. మందు కొడితే అది నీళ్లలోనే చచ్చి, అక్కడే కుళ్లి, నేను పైన చెప్పిన ఆక్సిజన్ గొడవ మొదలవుతుంది, వాసన మీ ఇంట్లోకే. మందు కలిసిన నీళ్లు కిందున్న వాళ్ల చెరువుల్లోకి పోతే ఊళ్లో ఇంకో పంచాయితీ. మనుషుల్ని పెట్టి తీయించి గట్టు మీద బాగా ఎండబెట్టి కంపోస్టు గుంటలో వెయ్యండి, నీటి పక్కనే వదిలేస్తే మళ్లీ వానకి జారి దిగుతుంది. పూలు రాకముందే తీయిస్తే మంచిది, విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఇళ్ల మురుగు ఆ కాలవలోకే వస్తుంటే మాత్రం తీసిన కొద్దీ వస్తుంది, ముందే చెప్తున్నా.

ఇక ప్రాజెక్టు ఎలా చేయాలో. పేపర్ కటింగులు అతికించడం వద్దు. ఐదు జీవులు చాలు: గూడబాతు, నత్తగుల్ల కొంగ, వాలుగ, కొర్రమేను, గుర్రపుడెక్క. ఒక్కోదానికి తిండి, చోటు, గాలి, శత్రువు, రోగం అని అడిగి ఏది కొరత, ఏది మారింది అని రాయాలి. లెక్క కోసం ఆటపాకలో ఒకే చోట నిలబడి, ఒకే టైంకి, వరసగా కొన్ని ఆదివారాలు పక్షుల్ని లెక్కపెట్టమనండి, ఒక రోజు పొద్దున ఒక రోజు సాయంత్రం అయితే ఆ లెక్కలు పోల్చడానికి పనికిరావు, మేతకి వెళ్లినవి సాయంత్రానికి తిరిగొస్తాయి కాబట్టి. గూళ్ల టైంలో మరీ దగ్గరికి వెళ్లొద్దు, పెద్దవి లేచిపోతే గుడ్లనీ పిల్లల్నీ కాకులు ఎత్తుకుపోతాయి.

మీ అన్నయ్యగారి డీఓ మీటరు అడిగి తీసుకుని ఒకే రోజు తెల్లారుజామున, మధ్యాహ్నం మూడింటికి, చెరువులో ఒకసారి మీ కాలవలో ఒకసారి చూడమనండి. గుర్రపుడెక్క కింద ఒకటి, ఖాళీ నీళ్లలో ఒకటి చూస్తే ఇంకా బాగుంటుంది. ఆ నాలుగైదు అంకెలు టీచరుకి నచ్చకపోతే నన్నడగండి.

మావగారితో కూర్చున్నప్పుడు ఒక చిన్న జాగ్రత్త. పెద్దవాళ్లకి బాగా పడిన ఏళ్లే గుర్తుంటాయి, ఏమీ పడని ఏళ్లు మర్చిపోతారు, అందరం అంతే. కాబట్టి "చాలా ఉండేవి" దగ్గర ఆగకుండా ఏ నెలలో, ఏ వలకి, ఏ వైపు పడేవి, చివరిసారి ఎప్పుడు చూశారు అని అడగాలి. ఇంకో ఇద్దరు ముగ్గురు వడ్డీల (కొల్లేట్లో చేపలు పట్టే కులం వాళ్లు) పెద్దవాళ్లని కూడా విడివిడిగా అడిగితే మాటలు కలిసేది ఎక్కడో తెలుస్తుంది.

అన్నయ్యగారికి కూడా ఒక మాట చెప్పండి, పెలికాన్లు ఉన్నాయని గర్వంగా చెప్తున్నారు కదా, అవి తన చెరువు మీద దిగినప్పుడు కూడా అంతే ప్రేమగా ఉండాలని. చెరువు మీద అడ్డంగా తాళ్లు కట్టుకోవడం, కాపలా మనిషిని పెట్టుకోవడం వరకు ఓకే, కొట్టడం, విషం పెట్టడం మాత్రం కేసవుతుంది. సీడు (చేప పిల్లలు) వదిలిన మొదటి వారాల్లోనే కాపలా గట్టిగా ఉంటే చాలావరకు సరిపోతుంది.